స్వాగతమ్మ సెలవు

ఆ ఉదయం గ్రంథాలయాధికారి వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. పదకొండింటికి డైరెక్టరు తనిఖీకి వచ్చేలోగా, ఆరేళ్లుగా గుమ్మంలో నిలబడి ‘స్వాగతం’ చెబుతున్న మరమనిషిని పాత సామానులవాడికి అప్పగించాలి. ఊడ్చే ఆయమ్మ సెలవు చీటీని మూడోసారి తిరగ్గొట్టాలి. రెండోది వెంటనే పూర్తయింది.

“అమ్మాయికి నెలలు నిండాయండీ. రెండ్రోజులు చాలు,” అంది ఆయమ్మ.

“నువ్వెళ్తే ఊడ్చేదెవరు? మనిషన్నాక సర్దుకుపోవాలి.”

అందరూ స్వాగతమ్మ అని పిలిచే ఆ మరమనిషిని సాగనంపడానికి తగిన ఫారం గుమాస్తాకు దొరకలేదు. కాగితం లేనిదే కుర్చీనైనా కదపని మనిషి కనుక, పదవీ విరమణ ఫారం తీసి నింపసాగాడు. తొమ్మిదో గడి దగ్గర కలం ఆగింది.

“సార్, వాడుకోని సెలవులు నూట ఎనభై. అవి వాడుకోకుండా ఎవర్నీ పంపకూడదు.”

“అది యంత్రమయ్యా!”

“యంత్రమా, మనిషా అని ఫారంలో గడి లేదండి.”

అధికారి విసుగెత్తి, తానే మీట నొక్కి ఆపేయబోయాడు. బ్యాటరీ తగ్గిన స్వాగతమ్మ అలాంటప్పుడు ఎప్పుడూ పలికే మాటే పలికింది: “నీరసంగా ఉంది. దయచేసి సాయం చేయండి.”

పత్రికల వెనుక నుంచి తలలు లేచాయి. “ప్రాణం పోతోందంటుంటే మీట నొక్కుతారా?” అన్నారు రోజూ వచ్చే తర్కశాస్త్రం మాస్టారు.

“దానికి ప్రాణమేంటండీ!”

“లేదని నిరూపించండి, చూద్దాం.”

అధికారి ప్రయత్నించాడు. అది తిండి అడగదని, ఎంత పని చెప్పినా నోరెత్తదని, ఒక్కరోజూ నాగా పెట్టలేదని వాదించాడు. విన్నకొద్దీ పాఠకులకు కళ్లు చెమర్చాయి. స్వాగతమ్మకు సెలవు ఇవ్వాల్సిందేనని అర్జీ రాసి నలభై మంది సంతకాలు చేశారు.

సరిగ్గా అప్పుడే వచ్చిన డైరెక్టరు గుంపును చూసి కంగారుపడి, చేతికందిన ఫారం మీద సంతకం పెట్టేశాడు. నూట ఎనభై రోజుల సెలవు మంజూరైంది. స్వాగతమ్మను ఫ్యాను కింద కూర్చోబెట్టారు. గుమ్మం బాధ్యత అధికారి మీద పడింది.

ఇదంతా చీపురుకు ఆనుకుని చూసిన ఆయమ్మ, గుమాస్తాను తెల్ల కాగితం అడిగింది.

“నాలుగోసారా, ఆయమ్మా?”

“ఈసారి కారణం మార్చాను, బాబూ.”

‘నేనూ యంత్రాన్నే. బ్యాటరీ అయిపోయింది,’ అని రాసి నేరుగా డైరెక్టరుకే ఇచ్చింది. మరో నలభై సంతకాలు వస్తాయన్న భయంతో ఆయన రెండు రోజులకు బదులు నెల ఇచ్చాడు.

మరునాడు ఒక చేత్తో చీపురు పట్టి, వచ్చినవారికల్లా స్వాగతం చెప్పిన అధికారికి సాయంత్రానికల్లా నడుము పట్టేసింది. సెలవు చీటీ పెట్టాడు.

మనిషి కనుక, అది పరిశీలనలో ఉంది.