ప్రోగ్రాం యాడుండాది?

1988లో ఒక శనివారం. మంజులమ్మ అనుకున్నది చాలా చిన్న పని. ఎనిమిదిన్నరకు హోసూరు ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో కూర్చోవాలి, వచ్చే వారం షిఫ్టు లిస్టు ప్రింటు తీసి గేటుకు అంటించాలి, పదకొండు గంటల బస్సుకు కెలమంగలం పోయి పట్టుపురుగుల పనిలో అమ్మకు సాయం చేయాలి. ఆరు నెలల ప్రొబేషన్ కూడా ఆ రోజుతో సరి. ఉద్యోగం ఖాయం చేసే కాగితం మేనేజరు నాగేశప్ప బల్లమీద సంతకం కోసం కాచుకుని ఉంది.

ఇన్నాళ్లూ లిస్టు తీసింది జయరామప్ప. అతను ఆ వారం సోమవారమే ఉద్యోగం మాని కృష్ణగిరి వెళ్లిపోయాడు. మంజులమ్మ ప్రోగ్రాం పేరు కొట్టింది. అలాంటిదేదీ లేదంది యంత్రం. ప్రోగ్రామూ, దాని వివరాలూ ఏ చోట ఉన్నాయో చెప్పే కమాండ్ ఒకటుంది, 'వేరీజ్' అని. అదీ కొట్టింది. తెరమీద ప్రోగ్రాం పేరు, పక్కన రెండు చుక్కలు, ఆ పక్కన చీకటి.

"లేదు సార్," అని నోరు జారింది.

"లేదంటే? పోయిందా?" నాగేశప్ప లేచి నిలబడ్డాడు.

ఆ మాట క్యాంటీన్ చేరేసరికి లిస్టు పోయింది. గేటు చేరేసరికి షిఫ్టులే పోయాయి. "సోమవారం అందరూ పొద్దున్నే రావాలంటప్పా," అని వాచ్‌మన్ మారియప్ప మత్తూరు బస్సు ఎక్కేవాళ్లందరికీ చెప్పి పంపాడు.

ట్రంకు కాల్ గంటకు గానీ కలవలేదు.

"జయరామప్పా, ప్రోగ్రాం యాడ పెట్టినావు?"

"నాకేం గ్యాపకమమ్మా? మరిచిపోతానని తెలిసే కదా, అంతా రాసి ప్రింటు తీసినాను! టేబుల్ కింద కట్ట ఉండాది, చూడు."

మంజులమ్మ చూడలేదు. టేబుల్ కింద ఏమీ లేదని ఆమెకు తెలుసు. ఆ కట్టను చిత్తు కాగితాలనుకుని, పురుగుల తట్టల్లో పరవడానికి మొన్న బుధవారం ఇంటికి మోసుకుపోయింది తనే.

"దొరికిందా?" అన్నాడు నాగేశప్ప.

"యాడుందో తెలిసింది సార్. కెలమంగలంలో."

మేనేజరు అప్పటికప్పుడు జీపు తీయించి ఆమెతో కెలమంగలం వచ్చాడు. మంజులమ్మ తల్లి కెంపమ్మ ఇద్దరినీ వాకిట్లోనే ఆపింది.

"తట్టలు ముట్టొద్దు. పురుగులు పొర మార్చే నాలుగో జ్వరంలో పండుకోనుండాయి. పొర విడిచి లేచేలోగా కదిలిస్తే పంటంతా పోతాది."

"నా ఉద్యోగం పోతాదే అమ్మా!"

"నీ ఉద్యోగం ఆరు నెలలది. నిన్ను చదివించింది ఈ పురుగులే. ఏం సారూ, ఊరికే కూర్చుంటే ఎట్లప్పా? లేస్తానే ఆకలంటాయి. గంపెత్తుకోని పోయి ఆకు కోసుకోని రా."

నాగేశప్ప టై వెనక్కి వేసుకుని మల్బరీ తోటలో దిగాడు. పురుగులు ఐదింటికి లేచాయి. అవి కొత్త ఆకు మీదికి ఎక్కాక కెంపమ్మ అడుగు కాగితం లాగి ఇచ్చింది. పెంటికలు దులిపితే మొదటి వరస కనబడింది: "ప్రోగ్రాం నా సొంత డైరెక్టరీలో ఉంది. వేరీజ్ తనకు తెలిసిన నాలుగు చోట్లే చూస్తుంది. 'ఫైండ్' కొట్టండి, రెండు నిమిషాల్లో దొరుకుతుంది."

ఫైండ్ మీద మంజులమ్మకు డిప్లొమాలో పదికి పది వచ్చాయి.

సోమవారం రెండు షిఫ్టుల జనం ఒకేసారి వచ్చి, గేటుకు అంటించిన లిస్టు కింద నిలబడి తిట్టుకున్నారు. మంజులమ్మ ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు సాగింది.

ఆ వారం పని ఖాయమైంది నాగేశప్పకే: వచ్చే పంటకూ ఆయన్నే పంపమని కెంపమ్మ కబురు చేసింది.