రెండు కేబీల రాజనర్సు

మనిషి పుట్టడం బ్రహ్మ చేతిలో ఉంది, పోవడం యముడి చేతిలో ఉంది. మధ్యలో ఉన్నాడని రుజువు చేయడం మాత్రం తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో, ఇరవై కేబీలు మించని ఫోటో చేతిలో ఉంది. ఈ సత్యాన్ని మొదట గుర్తించింది సజీవ పౌరుల నిర్ధారణ విభాగం. (మృతుల విభాగం వేరే ఉంది, అక్కడ తోపులాట ఉండదు.) పింఛన్ కావాలంటే ముందు ఫోటో అప్‌లోడ్ చేయాలి. ఆ తర్వాత నెలనెలా కెమెరా ముందు నిలబడి, ఆ ఫోటోలో ఉన్నది తామేనని ఒప్పించాలి.

సిరిసిల్ల పాత బస్టాండు దగ్గర జిరాక్సు షాపు నడిపే ఫహీమ్, ఇలాంటి జనం కోసమే ఒక బ్లాగు పెట్టాడు. పేరు 'అక్కరకొచ్చే వెబ్‌సైట్లు'. ఫోటో బరువు తగ్గించేది, పీడీఎఫ్‌లు అతికించేది, పాస్‌వర్డులన్నీ దాచిపెట్టేది (దాని పాస్‌వర్డు ఫహీమ్ మరిచిపోయాడు), ఇలా నూటపన్నెండు చిట్కాలు రాశాడు. రోజుకు పంతొమ్మిది మంది చూసేవాళ్లు. అందులో పదిహేడు మంది తనే.

ఒకరోజు రాజనర్సు వచ్చాడు. నలభై ఏళ్లు సాంచాల (మరమగ్గాల) మోతలో బట్ట నేసి నేసి చెవులు మొద్దుబారిన మనిషి. ఆయన దరఖాస్తు అప్పటికే రెండుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి ఫోటోలో వెనక క్యాలెండర్ కనబడిందని, రెండోసారి క్యాలెండర్ తీసేస్తే మేకు కనబడిందని. మూడోసారి కూడా తప్పితే ఇక జన్మలో పింఛన్ లేదు. బీపీ గోలీలకు, భార్య ఎల్లవ్వ కంటి చుక్కలకు ఆ పింఛనే దిక్కు.

ఫోటో అంటే మాటలా! తెల్ల ధోతి, తెల్ల అంగీ, తలకు తెల్ల రుమాలు, ముఖానికి అరడబ్బా పౌడరు దట్టించుకుని వచ్చాడు. అంత తెలుపులో నల్లగా ఉన్నది ఆదివారం ఆదివారం రంగేసే మీసం ఒక్కటే.

ఫహీమ్ సున్నం గోడ ముందు నిలబెట్టి ఫోటో తీశాడు. చిట్కా నంబరు ముప్పై ఏడు ప్రయోగించాడు: ఒక్క నొక్కుతో వెనకున్నదంతా మాయం. పక్కన రాజనర్సు కళ్లు మూసుకుని, గిది ఒక్కసారికి అయితే మీసంతో సహా గుండు ఇస్తనని వేములవాడ రాజన్నకు మొక్కుకుంటున్నాడు.

వెబ్‌సైటు నిజాయితీగా పనిచేసింది. గోడ పోయింది. గోడతో పాటు అంగీ, రుమాలు, పౌడరు కొట్టిన ముఖం కూడా పోయాయి. తెల్లటి కాగితం మధ్యన మీసం ఒక్కటి మిగిలింది. బరువు రెండు కేబీలు. ఫహీమ్ వెనక్కి తీసుకునే బటన్ కోసం వెతికాడు. కానీ చిట్కా నంబరు ముప్పై ఎనిమిది అప్పటికే తన పని చేసుకుపోయింది: ఆలస్యం లేకుండా దానంతటదే అప్‌లోడ్.

నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది. "ఆమోదించబడింది. ఇంత శుభ్రమైన బ్యాక్‌గ్రౌండ్ ఈ జిల్లాలో ఇదే ప్రథమం."

ఫహీమ్ వెంటనే నూటపదమూడో చిట్కా రాశాడు: ఫోటోకు తెల్లబట్టల్లో, ముఖాన పౌడరుతో రండి. వీర్నపల్లి మల్లక్క తెల్లచీరలో వచ్చింది. ఆమె ఫోటోలో బొట్టు మిగిలింది. మూడు నిమిషాల్లో పాస్. జగిత్యాల, కోరుట్ల నుంచి కూడా జనం పౌడరు డబ్బాలతో బస్సు దిగసాగారు. ఫహీమ్‌కు తన బ్లాగు మీద మొదటిసారి గౌరవం కలిగింది.

రెండు నెలలు రాజనర్సుకు ఏ ఇబ్బందీ లేదు. కెమెరా నేరుగా మీసాన్ని చూసి తొంభై ఎనిమిది శాతం అనేది. మూడో నెల ఆయన మొక్కు చెల్లించాడు. ఆ మర్నాడు కెమెరా ముందు నిలబడితే తెర మీద ఒకటే మాట: 'వ్యక్తి లేరు.'

ఫహీమ్‌కు అన్నం సయించలేదు. తన చిట్కా ఒక మనిషిని మింగేసింది. ఆయన్ని వెంటబెట్టుకుని విభాగానికి పోయాడు. అక్కడ అసిస్టెంట్ సజీవాధికారి రచన మేడం తెరను చూసింది, రాజనర్సును చూసింది, మళ్లీ తెరను చూసింది.

"ఫోటోలో ఉన్నాయన ఏడి?" అని అడిగింది.

"రాజన్నకు ఇచ్చిండు మేడం" అన్నాడు ఫహీమ్.

రసీదు ఉందా అంది. కళ్యాణకట్ట టికెట్ చూపించారు. దాని మీద తలనీలాలు అని ఉంది తప్ప మీసం ఊసు లేదు. అంటే మీసం అధికారికంగా తప్పిపోయినట్టే లెక్క అని ఆమె బాధపడింది.

రాజనర్సుకు చెవులు సరిగా వినబడకపోయినా సంగతి అర్థమైంది. "నేను నీ ముంగటనే నిలబడ్డ గద మేడం" అన్నాడు.

కాదని ఆమె అనలేదు. నిలబడ్డట్టు నమోదు చేసే గడి ఫారంలో లేదంది, అంతే.

ఫహీమ్ అటునుంచటే కోరుట్ల బస్సెక్కాడు. నాటకాల సామాను అమ్మే బుర్హానుద్దీన్ దగ్గర ఒక నల్ల మీసం కొన్నాడు. మర్నాడు విభాగంలోనే రాజనర్సు ముఖానికి అతికిస్తే, చెమటకు జారి జారి పడింది. విసుగొచ్చి ఫహీమ్ దాన్ని అరచేతిలో పెట్టుకుని కెమెరాకు చూపించాడు. 'సజీవులు. తొంభై తొమ్మిది శాతం.'

ఒక శాతం పెరిగినందుకు రచన మేడం సంతోషించింది. పెద్దవారికి ఇంత ప్రయాస ఎందుకు, వచ్చే నెల నుంచి మీసాన్ని పంపితే చాలంది.

ఇప్పుడు మీసం ఎల్లవ్వ కుంకుమ భరిణెలో ఉంటోంది. నెలకోసారి ఫహీమ్ తీసుకుపోయి చూపించుకొస్తాడు. పింఛన్ తప్పకుండా వస్తోంది. పోయిన నెల రాజనర్సు జ్వరంతో పది రోజులు మంచం దిగలేదు. రికార్డుల్లో మాత్రం ఆయన అంత ఆరోగ్యంగా ఎప్పుడూ లేడు.