పొట్టకు ప్రథమ బహుమతి

మా ఊరి పశుపోషక సంఘం వారు యావన్మందికి తెలియజేయునది ఏమనగా: మా ఊళ్ళో పశువులకు జబ్బులు లేవు. లక్షణాలు మాత్రమే ఉన్నాయి. వాటికి అర్థం చెప్పడానికి అధ్యక్షులు సుందరరాజుగారున్నారు.

తాయమ్మ దూడనే చూడండి. వెన్ను తేలింది, వెంట్రుక బిరుసెక్కింది, పొట్ట మాత్రం కాగులా ఉబ్బింది. ఆమెకున్నది ఒక్క గేదె. దూడ చస్తే అది పాలు చేపదు. పాలు లేకపోతే తాయమ్మ పొయ్యి వెలగదు.

"అయ్యా, దూడ మన్ను తింటా ఉండాది. పేడలో తెల్ల పురుగులు పడతా ఉండాయి. మందిప్పించు సామీ."

"పుట్టిన నేల మీద మమకారం తాయీ! నీకుండాదా అంత?" అన్నారు సుందరరాజుగారు.

పలమనేరు నుంచి వచ్చిన పశువైద్యుడు జయరావు పేడ చూశాడు. "ఏలికపాములయ్యా. మందు నా సంచీలోనే ఉండాది. తాపితే పడిపోతాయి."

"పొట్ట?" అన్నారు అధ్యక్షులవారు.

"అదీ తగ్గిపోతాది."

"అట్లయితే ప్రదర్శన అయినాక తాపప్పా."

అది యుద్ధకాలం. గింజలు రేషనులో కూడా దొరకడం లేదు. జిల్లాలో కరువు లేదని కళ్ళారా చూడడానికి కలెక్టరు దొరగారు మా పశు ప్రదర్శనకు వస్తున్నారు. ఊరి పశువులన్నిటిలో నిండుగా కనిపించే పొట్ట ఆ దూడదే. కనుక ప్రదర్శన ముగిసేవరకు సదరు పొట్టను యథాస్థితిలో కాపాడవలెనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

దొరగారు వచ్చారు. పొట్ట నిమిరారు. "ఈ పొట్టను చూసినవాడెవడైనా కరువనే మాట ఎత్తగలడా?" అన్నారు. చుట్టూ నిలబడిన పిల్లల ఉబ్బిన పొట్టలు కూడా చూసి ముచ్చటపడ్డారు. దూడ దవడ కింద నీరు దిగి వేలాడుతోంది. అధ్యక్షులవారికీ అక్కడ అలాగే ఉందని, అది పెద్దమనిషి కళ అని సెలవిచ్చారు. దాని మెడలో పతకం వేశారు. దూడ తల వాల్చింది.

"చూడండి, ఎంత వినయమో!" అన్నారు సుందరరాజుగారు.

చప్పట్లు ఆగాక జయరావు సంచీ విప్పాడు. దూడ అంతసేపు ఆగలేదు.

సంఘం సంతాపం తెలిపింది. గేదెను చేపించడానికి తాయమ్మ దూడ తోలులో గడ్డి కూరించింది. పొట్ట దగ్గర మరో రెండు పిడికిళ్ళు కూరమని అధ్యక్షులవారు దగ్గరుండి చెప్పారు. ఎందుకంటే మరుసటి నెల చిత్తూరులో జిల్లా ప్రదర్శన.

అక్కడా ప్రథమ బహుమతి దానికే. మన్ను తినదు, పేడ వేయదు, మందు అడగదు. జిల్లాలోని దూడలన్నీ దీన్ని చూసి నేర్చుకోవాలని సుందరరాజుగారు ఉపన్యసించారు.

పక్కనే గేదెను కట్టేశారు. తాయమ్మ చెంబు పట్టుకుని దాని కింద కూర్చుంది. గేదె దూడను ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది. చెంబులో చుక్క పడలేదు.

గేదెకు సభామర్యాద తెలియదు. మనకు తెలుసు. చప్పట్లు కొట్టాం.