గాజువీరుడికి జత కుదిరిన పాట

ఆదివారం ఉదయం అనౌన్సరు లేస్తూనే అనుకున్నది ఒక్కటే: ఇవాళ ఎలాగైనా ఫోను మోగాలి. అతను నడిపే గంటసేపటి పాత పాటల కార్యక్రమాన్ని ఎవరూ వినడం లేదని, ఈ వారం కూడా ఫోను మోగకపోతే ఆ సమయాన్ని ఇళ్ల స్థలాల వ్యాపారి ప్రకటనలకు ఇచ్చేస్తానని రేడియో స్టేషన్ మేనేజరు తేల్చి చెప్పాడు. ఆ మేనేజరు అనౌన్సరు భార్యకు సొంత అన్న. ఉద్యోగం ఇప్పించిన బావగారికి ఎదురు చెప్పే నోరు అనౌన్సరుకు లేదు. ఉన్న నోరు ఎప్పుడో జీతానికి తాకట్టు పడింది.

అందుకే అటక మీది పెట్టె దింపాడు. చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో దాచుకుని చదివిన సూపర్‌హీరోల కామిక్కులన్నీ అందులో ఉన్నాయి. ఒక్కో హీరోకి ఒక్కో పాత పాట జత చేసి, ఆ జత ఎందుకు కుదిరిందో చెప్పాలని అతని ఆలోచన. వెలిసిన ఆ బొమ్మలు చూస్తూ ఆ పాటలు వింటే అతనికి ఇప్పటికీ చిన్నతనం తిరిగొస్తుంది. ఊళ్లో ఇంకొకరికైనా రాకపోతుందా అని ఆశ.

"ఆ చెత్తంతా తీసుకెళ్తున్నారా? పోన్లెండి, అటక ఖాళీ అయింది," అంది భార్య.

మొదటి హీరో గాజువీరుడు. ఒళ్లంతా గాజు కాబట్టి ఎవరికీ కనిపించడు. పగలంతా నగరాన్ని కాపాడి ఇంటికొస్తే పెళ్లాం కూడా చూడదు, కంచం పెట్టదు. వానలో తడుస్తూ తలుపు బయట నిలబడి పిలిచే ప్రేమికుడి పాటను అతనికి జత చేశాడు. పాట సగంలో ఉండగా ఫోను మోగింది. మోగక మోగక మోగే ఫోను కాబట్టి, మోగగానే నేరుగా ప్రసారంలో కలిపేయాలని ఆ స్టేషన్లో ఒక నియమం ఉంది. టెక్నీషియను ఎవరు, ఏమిటని అడక్కుండా కలిపేశాడు.

"నేను మీకు కంచం పెట్టట్లేదని ఊరంతా చాటుతున్నారా? రాత్రి ఆకలి లేదన్నది ఎవరు?" అంది భార్య.

"అబ్బే, అది కామిక్కులో కథ."

"పెట్టెడు పుస్తకాల్లో మీకు ఆ కథే దొరికిందా?"

నిజం చెప్పాలంటే ఆమె తప్పుగా వినలేదు. ఆ జత కుదిర్చినప్పుడు అతని కళ్లు చెమర్చింది నగరాన్ని తలుచుకుని కాదు. కానీ ఆ మాట ఒప్పుకునే ధైర్యమే ఉంటే అన్నేళ్లు ఆ ఇంట్లో అలా నెట్టుకొచ్చేవాడు కాదు.

భార్యను చల్లబరుద్దామని ఒక వీరవనితను ఎత్తుకున్నాడు. ఆమె కన్నెర్రజేస్తే రైళ్లు ఆగిపోతాయి. హుషారైన డాన్సు పాట జత చేశాడు. పాట ముగిసేలోపే మళ్లీ ఫోను.

"బావగారూ, మా చెల్లెలు గయ్యాళి అంటున్నారా? ఇప్పుడే ఫోన్ చేసి ఏడ్చింది." మేనేజరు గొంతు ఊరంతా వినిపించింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇక బావగారిని మంచి చేసుకోవాలి. కూలిపోయే మేడను భుజాల మీద మోస్తూ ఏళ్ల తరబడి కదలకుండా నిలబడ్డ ఉక్కువీరుడు గుర్తొచ్చాడు. "మా మేనేజరుగారంటే నాకు ఆ వీరుడే," అని, అలసిన వీరుడికి హాయిగా ఉంటుందని ఒక జోలపాట వేశాడు.

మేనేజరు ఇంకా ఫోను పెట్టేయలేదు. "కదలనంటే ఏంటి, పని చెయ్యననా? జోలపాట ఎందుకు, ఆఫీసులో పడుకుంటాననా?"

"పడుకుంటారుగా సార్," అంది ఇంకో గొంతు. రెండో లైను మోగితే టెక్నీషియను దాన్నీ కలిపేశాడు. "ప్రకటన ఇద్దామని వచ్చి, మీ గురక విని వెళ్లిపోయాను."

ఆ తర్వాత ఫోను ఆగలేదు. ఒకావిడకు అత్తగారికి తగిన హీరో కావాలి. ఒక గుమాస్తాకు తన పైఅధికారి మీద పాట కావాలి, ఎవరి పేరూ చెప్పకుండా. ఒకాయన తోడల్లుడి కోసం విలన్లున్నారా అని అడిగాడు. పాట వేస్తానంటే మాత్రం అందరిదీ ఒకే మాట: "పాట వద్దండీ, మీ ఆవిడ మళ్లీ ఫోన్ చేస్తుందా?"

గంట ముగిసింది. ఉద్యోగం పోయినట్టేనని అనౌన్సరు పెట్టె సర్దుకున్నాడు. పరుగున వచ్చిన మేనేజరు అతన్ని గట్టిగా కావలించుకున్నాడు.

"ఇళ్ల స్థలాలాయన ఫోన్ చేశాడు. ప్రకటనలు వద్దట, ఈ కార్యక్రమానికే తన పేరు తగిలించమన్నాడు. ఇక నుంచి రెండు గంటలు."

అనౌన్సరుకు ప్రాణం లేచొచ్చింది. "అయితే వచ్చే వారానికి ఎగిరే హీరో ఒకడున్నాడు బావగారూ. అతనికి ఓ పడవ పాట..."

"పాటలూ బొమ్మలూ ఇంకెందుకు? చెల్లాయి మాట్లాడుతుంది. జనం వినేది దాన్నే."

"మరి నేను?"

ఆ సంగతి మేనేజరుకు నిజంగానే తట్టలేదు.

మరుసటి ఆదివారం భార్య అతని కుర్చీలో కూర్చుని, మైకు తన ఎత్తుకు సరిచేసుకుంది. "ఏమండీ, మధ్యలో మాట్లాడకండి," అని చెప్పి, రెండు గంటలూ మొగుడి గురించే మాట్లాడింది. ఊరు విరగబడి నవ్వింది. అనౌన్సరుకు అద్దం అవతల ఫోన్లు ఎత్తే పని ఇచ్చారు. ఎత్తిన ప్రతి ఫోనులోనూ "మేడమ్‌కి ఇవ్వండి" అన్నారే తప్ప, ఎత్తింది ఎవరని ఒక్కరూ అడగలేదు.

కామిక్కులో గాజువీరుడికి, వెతుక్కుంటూ వచ్చే శత్రువైనా ఒకడుండేవాడు.