ఆరాధన క్రమానికి స్వల్ప సవరణలు

"మన సంఘం పుట్టి అరవై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో ఇలాంటి ఆదివారం రాలేదు, ఇక రాబోదు. వచ్చే వారం మన ఆరాధనకు రోడ్ల శాఖ మంత్రిగారు స్వయంగా విచ్చేస్తున్నారు!" అని పాస్టరుగారు ప్రకటించగానే అందరం చప్పట్లు కొట్టాం. చర్చిలో చప్పట్లు కూడదని రెండేళ్ళ కిందట ఆయనే చెప్పారు. అప్పటికి ఆయనకింకా ఇంత విశాల దృష్టి అలవడలేదు.

మంత్రిగారు ఎందుకు వస్తున్నారో చెప్పాలి. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు వచ్చి మా చర్చి గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత గీసి వెళ్ళారు. గీతకి ఇవతలిదంతా రోడ్డు. అంటే వేదిక, బెంచీలు, పాస్టరుగారి కుటుంబం ఉండే రెండు గదులు, అన్నీ పోతాయి. మాకు మిగిలేది వెనక మెట్లూ, సైకిళ్ళు పెట్టుకునే చోటూ. నోటీసులో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. దైవారాధన జరిగే స్థలమైతే వదిలేస్తారు. ఏదో ఒక ఆదివారం ఒక అధికారి వచ్చి, కూర్చుని, చూసి, రాసుకుని పోతాడు.

"అయితే మనం ఎప్పట్లాగే ఆరాధన చేసుకుంటే సరిపోతుంది కదా అయ్యగారూ" అన్నారు మా సంఘ పెద్ద. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఏదైనా రెండు మెట్లలో తేల్చేస్తారు.

పాస్టరుగారు జాలిగా నవ్వారు. "మాస్టారూ, చూసేది అధికారి. ఆ అధికారిని చూసుకునేది మంత్రి. ఇంతకీ మనం ఎవర్ని నమ్ముకోవాలి?"

మాస్టారు ఏదో అనబోయి, ఇది చర్చి అని గుర్తొచ్చి ఊరుకున్నారు.

ఏ పాట తర్వాత ఏ ప్రార్థన, ఎప్పుడు లేవాలి, ఎప్పుడు కూర్చోవాలి అని చెప్పే ఆరాధన క్రమం కాగితాన్ని ప్రతి వారం టైపు చేసేది నేను. డిగ్రీ చదివి ఇంట్లో ఖాళీగా ఉన్నానని ఆ పని నాకిచ్చారు. ముగ్గురు పిల్లలకీ అత్తమామలకీ వండి పెట్టడాన్ని మా సంఘంలో ఖాళీ అంటారు.

సోమవారం మంత్రిగారి పి.ఏ. వచ్చి, నా కాగితం ముందేసుకుని, పెన్ను మూత తీశాడు.

"ఈ పాపపు ఒప్పుకోలు ఏంటండీ?"

"అందరం కలిసి మా తప్పులు ఒప్పుకుంటామండీ" అన్నారు పాస్టరుగారు.

"అందరూ అంటే? సార్ కూడానా?"

"అంటే, అందరితోపాటు..."

"ఎలక్షన్లు ఆర్నెల్లలో పెట్టుకుని సార్ ఒప్పుకోవడమేంటండీ! జనం చేతుల్లో ఫోన్లున్నాయి, చూసుకున్నారా?"

పాస్టరుగారు నా వైపు తిరిగారు. "తీసెయ్యమ్మా. పాపాలు ఎవరింట్లో వాళ్ళు ఒప్పుకోవచ్చు."

తీసేశాను.

తర్వాత పది ఆజ్ఞలు. వాటిని మేము ప్రతి ఆదివారం లేచి నిలబడి గట్టిగా చెబుతాం. పి.ఏ. ఒక్కొక్క ఆజ్ఞ మీదా పెన్ను ఆనించాడు.

"దొంగతనం చెయ్యొద్దు. ఇది తారు కాంట్రాక్టు గురించేగా?"

"అయ్యో, కాదండీ! ఇది చాలా పాతది."

"కాంట్రాక్టూ పాతదే. కొట్టెయ్యండి. పక్కవాడి ఇంటి మీద ఆశపడొద్దు... ఏంటండీ, ఇది నేరుగా మా శాఖ మీదే! ఇళ్ళ మీద ఆశపడకుండా రోడ్లెలా వెడల్పవుతాయి? తల్లిదండ్రుల్ని గౌరవించాలి. ఊహూఁ. సార్ వాళ్ళ నాన్నగారిని పార్టీ పదవిలోంచి దింపింది మొన్నే. వేరే దేవుణ్ణి పెట్టుకోవద్దు... వామ్మో, పైన అధిష్ఠానం ఉంది, వాళ్ళేమనుకుంటారు?"

"హత్య చెయ్యొద్దన్నది?" అన్నారు మాస్టారు, గోడ వైపు చూస్తూ.

"ఉంచుకోండి. దాంట్లో కోర్టు వదిలేసింది."

చివరికి రెండు మిగిలాయి. మనుషుల్ని చంపొద్దు, వారానికో రోజు విశ్రాంతి తీసుకోవాలి. "క్లుప్తంగా ఉంది. పిల్లలకి కూడా ఇట్టే నోటికొస్తుంది" అని పాస్టరుగారు సంతోషించారు. 'పది ఆజ్ఞలు' అన్న శీర్షికలోంచి 'పది' తీసేశాను. కాగితం మీద అంకె తప్పుంటే నాకు అన్నం సయించదు.

మంగళవారం ఫోనొచ్చింది. పాస్టరుగారు ఆ వారం 'ఇరుకు దారి' అనే అంశం మీద ప్రసంగించాలి.

"ఇరుకు దారి అంటే మా శాఖ నిద్రపోతోందనే కదండీ?" అన్నాడు పి.ఏ.

ప్రసంగం 'వెడల్పు దారి' అయింది. ఇరుకు దారి జీవానికీ వెడల్పు దారి నాశనానికీ తీసుకెళతాయని మా పిల్లలకి సండే స్కూల్లో నేర్పింది పాస్టరుగారి భార్యే. ఆ మాట గుర్తుచేస్తే పాస్టరుగారు, "నువ్వు టైపు చెయ్యమ్మా. వేదాంతం నేను చూసుకుంటాను" అన్నారు. నిజమే, ఎవరి పని వాళ్ళది.

గురువారం, ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే సెక్యూరిటీ ఒప్పుకోదని కబురు. అందరి ముఖాలూ కనబడాలట. 'తలలు వంచి, కన్నులు మూసి' అని ఉన్నచోట 'తలలెత్తి, కన్నులు తెరిచి, వేదిక వైపు చూస్తూ' అని మార్చాను.

శనివారం మంత్రిగారి ఫ్లెక్సీ వచ్చింది. గోడంత ఉంది. దానికి తగిన మేకు చర్చి మొత్తానికి ఒక్కటే. దానికి చెక్క సిలువ వేలాడుతోంది.

"సిలువ తీసేస్తామా అయ్యగారూ?" అన్నారు మాస్టారు.

"తీసెయ్యడమేంటి మాస్టారూ, మీరు మరీనూ! పక్క గదిలో పెడుతున్నాం, అంతే. సిలువ గుండెల్లో ఉండాలి."

గుండెల్లో ఉండాల్సినదాన్ని ఇద్దరు మోసుకెళ్ళి చాపల చుట్టల పక్కన నిలబెట్టారు.

ఆదివారం మంత్రిగారు గంటన్నర ఆలస్యంగా వచ్చారు. అందరం లేచి నిలబడ్డాం. వేదిక మధ్య ఎర్ర మఖమలు కుర్చీలో ఆయన కూర్చున్నారు. గాయక బృందం 'నీవే మా దిక్కు' అని పాడుతుంటే లేచి, చేతులు జోడించి, పాటని స్వీకరించారు. పాస్టరుగారు శాలువా కప్పారు. మేము చేతులు జోడించి, కళ్ళు తెరిచి, ఆయన్నే చూస్తూ ప్రార్థించాం. వెడల్పు దారులు ఎవరి దయవల్ల కలిగాయో పాస్టరుగారు ముప్పావుగంట వివరించారు. చివర్లో గోడ గురించిన వినతిపత్రాన్ని మోకాలి మీద వంగి అందించారు. మంత్రిగారు దాన్ని విప్పకుండానే అభయమిచ్చారు.

వెనక బెంచీలో ఫైలు పట్టుకున్న సన్నపాటి మనిషి ఒకాయన మొదటి నుంచీ శ్రద్ధగా రాసుకుంటున్నాడు. ఆ సంగతి పాస్టరుగారి చెవిన వేశాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "అధికారే అయ్యుంటాడమ్మా! మంత్రిగారున్న రోజే వచ్చాడు చూడు. ఇక మనకు ఢోకా లేదు."

వెళ్ళేముందు ఆ మనిషి నన్నడిగాడు. "అమ్మా, ఇలా ప్రతి వారం జరుగుతుందా?"

"అరవై రెండేళ్ళుగా జరుగుతోందండీ" అన్నాను గర్వంగా.

పాపం, అదీ రాసుకున్నాడు.

పది రోజులకి రిపోర్టు వచ్చింది. పాస్టరుగారు సంఘ పెద్దల్ని పిలిపించి, ముద్ర చూసి మురిసిపోయి, కవరు చింపి నా చేతికిచ్చారు. "అందరికీ వినబడేలా చదువమ్మా."

చదివాను.

"ఒకటి. సదరు స్థలమందు ఆరాధన జరుగుచున్నదా: జరుగుచున్నది. రెండు. ఎవరికి: గౌరవనీయ రోడ్ల శాఖ మంత్రివర్యులకు. మూడు. అధికారి అభిప్రాయము: పైవారు సజీవులై, ప్రభుత్వ బంగళాలో సుఖముగా నివసించుచున్నందున, ఈ కట్టడము తొలగించినచో వారికి వసతి ఇబ్బంది కలుగదు. దైవారాధన మినహాయింపు వర్తించదు. తొలగించవచ్చును. నాలుగు. అప్పీలు చేయగోరువారు పదిహేను దినములలోగా రెండవ గడిలో పేర్కొన్నవారిని వేడుకొనవలెను."

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. పాస్టరుగారు కాగితం నా చేతిలోంచి తీసుకుని తనలో తాను ఇంకోసారి చదువుకున్నారు. తర్వాత మెల్లగా కుర్చీలోంచి దిగి, నేల మీద మోకాళ్ళూని, చేతులు జోడించారు.

ఆ ప్రార్థన ఎవరికో అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.