స్టాకు నంబరు పద్నాలుగు

అసెంబ్లీ ఎన్నికల ప్రచారం ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవడం మొదలయ్యాక, ఆ ఖర్చుతో పోటీ చేసేవాళ్ళకి మెడ వెనక తెల్లరంగుతో నంబరు వేసే పద్ధతి వచ్చింది. ఆఫీసు కుర్చీలకీ బీరువాలకీ వేస్తారే, అదే రంగు, అదే కుంచె. సర్కారు సొమ్ము ఖర్చయిన ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరులోకి ఎక్కాల్సిందే. పిప్పళ్ళపాడు నియోజకవర్గంలో సైకిల్ షాపు ఏసోబుకి పద్నాలుగు పడింది.

ఏసోబు మంచివాడు. పేటలో మురుగుకాలువ కట్టిస్తానని నిలబడ్డాడు. సొంత డబ్బు లేదు, పెట్టేవాడూ లేడు. అందుకని సర్కారు ఇచ్చిన జీపు, మైకు, కరపత్రాలు, పూలదండలు తీసుకుని, ‘మంచి స్థితిలో ముట్టినవి’ అన్న కాగితం కింద సంతకం పెట్టాడు. ఆ జాబితాలో అయిదోది ‘అభ్యర్థి, ఒకటి’ అని ఉంది. ఏసోబు అంతదాకా చదవలేదు. చదివినా పెట్టేవాడే, అంత హుషారులో ఉన్నాడు పిచ్చి మనిషి.

ఓడిపోయాడు. మర్నాడు పొద్దున్నే సామాను అప్పజెప్పడానికి తాలూకాఫీసుకి వెళ్ళాడు. భార్య కరుణమ్మ మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, క్యారేజీ కట్టుకుని తనే బయల్దేరింది. స్టోరుగదిలో విరిగిన బల్లల మధ్య బుద్ధిగా కూర్చుని ఉన్నాడు ఏసోబు.

“ఏందయ్యా ఇది? మా ఆయన్ని ఇక్కడ పెట్టావేంది?” అని స్టోరుకీపరు పేరయ్య మీదికి వెళ్ళింది.

పేరయ్య మర్యాదస్తుడు. లేచి నిలబడి రిజిస్టరు చూపించాడు. “జీపు వచ్చిందమ్మా, మైకు వచ్చింది. మనిషి దగ్గరే తేడా. ఇచ్చినప్పుడు గొంతు బాగుంది, ఇప్పుడు పోయింది. అయిదు కిలోలు తరిగాడు కూడా. పాడైన సరుకుని ఇంటికి పంపే అధికారం నాకెక్కడిది? వేలం వెయ్యాల్సిందే.”

“ఆయన తప్పేం లేదే. రూలు అట్టా ఉంది” అన్నాడు ఏసోబు బొంగురుగా.

కరుణమ్మకి ఒళ్ళు మండింది, అంతకంటే ఎక్కువ జాలేసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన ఎవరి సైకిలూ పాడుచెయ్యలేదు. అన్నం కలిపి ముద్దలు పెట్టి, వేలం ఏ రోజో అడిగి వచ్చింది.

శుక్రవారం వేలం. ముందు కుర్చీలు పోయాయి. తర్వాత ఏసోబుని బల్ల ఎక్కించారు. కొంగున చెవిదుద్దులు ముడేసుకుని వచ్చిన కరుణమ్మకి, ముందు వరుసలో కాంట్రాక్టరు వీరభద్రం కనబడ్డాడు. పేటలో లేని మురుగుకాలువకి మూడుసార్లు బిల్లు తీసుకున్న మనిషి ఆయన. ఆయన పాట మొదలుపెడితే తను నిలబడలేదు. ఇక సిగ్గుపడితే కుదరదని దగ్గరికి వెళ్ళింది.

“అన్నా, నువ్వు పాడబాకు. ఈ మనిషి నాకు కావాల.”

వీరభద్రం ఆప్యాయంగానే నవ్వాడు. “నాకెందుకమ్మా ఈయన? ఫ్యాన్ల కోసం వచ్చా. నా మనిషి గెలిచాడుగా.”

దుద్దులకే దక్కాడు. ‘వాడిన అభ్యర్థి, ఒకటి, ఉన్నది ఉన్నట్టుగా’ అని పేరయ్య చక్కటి దస్తూరితో రసీదు రాసిచ్చాడు. కరుణమ్మ దాన్ని బైబిల్లో దాచింది.

ఇంటికి రాగానే ఏసోబుని పీట మీద కూర్చోబెట్టి, గుడ్డ కిరసనాయిల్లో ముంచి మెడ రుద్దడం మొదలుపెట్టింది. టీవీలో కొత్త ఎమ్మెల్యేలు ప్రమాణం చేస్తున్నారు. తమ నియోజకవర్గం పెద్దమనిషి వంతు వచ్చింది. అంత ఎండల్లోనూ చొక్కా గుండీలు గొంతుదాకా పెట్టుకుని, పైన కండువా రెండు చుట్లు చుట్టుకున్నాడు.

“పోయిందా?” అన్నాడు ఏసోబు.

“పోలా. ఉండనియ్యిలే” అంది కరుణమ్మ గుడ్డ పక్కన పడేసి. “నీకు నంబరేసినోళ్ళు రసీదన్నా ఇచ్చారు. ఆయనకేసినోడు ఇందాక ఫ్యాన్లు పాడుకుంటన్నాడు.”

ఏసోబు కాసేపు టీవీ చూశాడు. “కాలవ కట్టిస్తానని ఆయన కూడా అన్నాడే” అన్నాడు ఆశగా.

మురుగు వాసన గుప్పున లోపలికి వచ్చింది. కరుణమ్మ లేచి కిటికీ మూసి, వచ్చి ఆయన పక్కనే కూర్చుంది.