ప్రతి ఎక్కడ?

సాయంత్రం మలయాళం మౌఖిక పరీక్ష అయ్యేదాకా నోట మరో భాష రానివ్వకూడదని సబ్ కలెక్టర్ ఊర్మిళ జగ్తాప్ ఆ ఉదయం ఒట్టు పెట్టుకుంది. సతారా నుంచి కన్నూరు వైపు వచ్చిన పిల్ల. ఇప్పటికే ఆ పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే ఉద్యోగం ఖాయం కాదు.

కుంజంబు మాషు, అంటే మాస్టారు, రాసిన వ్యాకరణం తెరిస్తే చాలు, ఆమెకు నిద్ర ముంచుకొచ్చేది. పరీక్ష పెట్టేదీ ఆ మాషే. ఈలోగా డ్రైవరు జీపులో మరిచిపోయిన వారపత్రిక చేతికొచ్చింది. అందులో నళిని అనే ఆవిడ హత్య సీరియలు రాస్తోంది. తెలియని మాట దగ్గర ఆగే ఓపిక లేక, ఊర్మిళ హంతకుడి వెంట పరిగెత్తింది. భాష దానంతటదే వెనకాల వచ్చింది. కాకపోతే వచ్చిందంతా పోలీసు భాషే.

ఆ పూట గ్రామాఫీసులో బడిదారి మ్యాపు నకలు కావలసివచ్చింది. ఆమె మాతృభాష మరాఠీలో నకలును ప్రత అంటారు. సీరియలు మలయాళంలో ప్రతి అంటే ముద్దాయే గానీ, ఆఫీసుల్లో నకలే అయ్యుంటుందనుకుని, ప్రతకు గుడి తగిలించింది.

"ప్రతి ఎక్కడ?"

గ్రామాధికారి చందుకుట్టి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఆఫీసు చెట్టు పనసకాయ నేను కోయలేదు మేడం. మా బావమరిది కోశాడు. నేను తిన్నానంతే."

ఒక్క ముక్క పొల్లుపోకుండా అర్థమైంది. ఆ సంతోషంలో నకలు సంగతి మరిచి, తనకు వచ్చిన తర్వాతి వాక్యం అడిగేసింది. "ఆ రోజు నీతో ఇంకెవరున్నారు?"

గుమాస్తా లేచి, తనిఖీకని చెప్పి సినిమాకు వెళ్ళానన్నాడు. నిజం చెబితే శిక్ష తగ్గుతుందని ఆమె సీరియలు ఫక్కీలో ఊరడించింది. దాంతో పన్ను కట్టడానికొచ్చిన ముసలమ్మ కూడా, పక్కింటి కోడి తన కూరలోకి ఎలా వచ్చిందో చెప్పుకుంది. మధ్యాహ్నానికి ఊరంతా వరసలో నిలబడింది. ఊర్మిళకు ఇంత బాగా ఏ పాఠమూ అబ్బలేదు.

సాయంత్రం మాషు వ్యాకరణం అడగబోయాడు. చదవలేదని ఒప్పుకుని, భయంభయంగా సీరియలు కథ మొదలుపెట్టింది. రెండో హత్య దగ్గరకొచ్చేసరికి భయం సంగతే మరిచిపోయింది.

"మరి హంతకుడు ఎవరంటావు?" అన్నాడు మాషు, కళ్ళజోడు తీసి.

"వంటవాడు కాదు మాషే, డాక్టరు. మందు ఇచ్చింది ఆయనే కదా."

మాషు లేచి తలుపు మూశాడు. "వచ్చేవారం దాకా ఎవరికీ చెప్పకమ్మా. నళిని నేనేనని మా ఆవిడకు కూడా తెలియదు."

"మీరా? ఆ వ్యాకరణం రాసిన మీరేనా?"

"అది రాస్తుంటే నాకూ నిద్రొచ్చేదమ్మా" అంటూ పాసు చేసేశాడు.

ప్రతి అలా దొరికాడు. మ్యాపు నకలు మాత్రం ఇంకా వెతుకుతున్నారు.